మెథడ్‌ని పిలుస్తామా, మెథడ్‌కి కాల్ చేస్తామా?

సందేహం: రాయగడ జిల్లా గుణుపూర్‌లో జావా అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష పాఠం చెబుతాను. అందులో మెథడ్ అంటే పేరు పెట్టి రాసుకున్న పని సూచనలు, దాన్ని కాల్ చేస్తే ఆ పని జరుగుతుంది. మా పిల్లలకి ఇంట్లో తెలుగు, బయట ఒడియా. "మెథడ్ రాశాం, తర్వాత మెథడ్‌కి కాల్ చేశాం" అంటారు. ఒడియా ప్రభావమని "మెథడ్‌ని" అని దిద్దుతున్నాను. సరేనా? మెథడ్‌ని "పద్ధతి" అనవచ్చా?

సమాధానం: దిద్దడం సరైనదే. తప్పంతా ఒడియా మీద మాత్రం వెయ్యకండి. ఒడియాలో "కు" రెండు పనులు చేస్తుంది, నిజమే. "భాయికు డాక" అంటే అన్నయ్యని పిలువు, "భాయికు దిఅ" అంటే అన్నయ్యకి ఇవ్వు. రోజూ ఆ మాటలు వినే పిల్లల నోట ని, కి కలిసిపోవచ్చు. కానీ ఒడియా ముక్క రానివాళ్లం కూడా "అమ్మకి కాల్ చేశాను" అంటాం కదా! కాల్ అనగానే మనకి తోచేది ఫోను. ఫోను ఎవరికైనా "కి" చేస్తాం, మనిషిని మాత్రం "ని" పెట్టే పిలుస్తాం. జావాలో కాల్ అంటే పిలుపు, కాబట్టి మెథడ్‌ని కాల్ చేశాం.

"మెథడ్ రాశాం" దగ్గర "ని" లేకపోయినా లోటు లేదు. ప్రాణం లేనివాటికి తెలుగు దాన్ని తరచూ వదిలేస్తుంది: ఉత్తరం రాశాను, బియ్యం కడిగాను. పిలవడం మామూలుగా ప్రాణమున్నవాళ్లని కాబట్టి అక్కడ "ని" ఉంటేనే చెవికి ఇంపు.

మరి పిల్లల "కి" ఎక్కడికి పోవాలి? దానికీ చోటుంది. 1970ల్లో ఆలన్ కే బృందం తయారుచేసిన స్మాల్‌టాక్ ప్రోగ్రామింగ్ భాషలో ఆబ్జెక్టుకి (ప్రోగ్రాములో ఒక వస్తువులాంటిది, ఖాతా అనుకోండి) సందేశం పంపుతారు. అది అందాక ఆబ్జెక్టు ఆ పని చేసే తీరే మెథడ్. జావాలో పేర్లు తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు గనక బోర్డు మీద ఇలా రాయండి:

ఖాతా.జమచెయ్యి(500);

చుక్కకి ముందున్నది ఎవరికి చెబుతున్నామో, తర్వాతది ఏం చెయ్యమంటున్నామో. ఖాతాకి చెప్పాం, జమచెయ్యి అనే మెథడ్‌ని పిలిచాం, ఆ మెథడ్‌కి 500 ఇచ్చాం. ఇవ్వడం వచ్చింది కాబట్టి ఈ చివరి "మెథడ్‌కి" నూటికి నూరుపాళ్లూ ఒప్పే. మెథడ్ పేరు జమచెయ్యి, నిల్వచూపు అని క్రియగా పెట్టిస్తే ఈ తేడా ఇంకా తేలిగ్గా పట్టుబడుతుంది.

"పద్ధతి" అర్థానికి దగ్గరే. అయినా వద్దంటాను. పద్ధతి అంటే మనకి నడవడిక కూడా. "ఈ పద్ధతి రాసే పద్ధతి ఇది కాదు" అంటే పిల్లలకి టెన్షనే మిగులుతుంది. మీ రైలు దారిలోని పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల నోటి మాటతోనే వాచకాలు రాశారు. మీ పిల్లల నోట మెథడ్, మెథడ్లు అప్పుడే తెలుగు మాటలైపోయాయి. వాటినే ఉంచండి. మొదటి రోజు మాత్రం "పని చేసే తీరు" అని ఒక్కసారి విప్పి చెప్పండి.

ఇక "మెథడ్‌కి" అని వినబడగానే కొట్టెయ్యకండి. "దేన్ని పిలిచావు? ఎవరికి చెప్పావు? దేనికి ఎంత ఇచ్చావు?" అని అడగండి. జవాబులో ని, కి వాటంతటవే వాటి చోట్లకి చేరతాయి.