సోవియట్ స్వరకర్త షోస్తకోవిచ్ మొదటి వయొలిన్ కన్చెర్టో ఏడేళ్లు ఎందుకు బయటికి రాలేదు?

కన్చెర్టో అంటే ఒక వాద్యం ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా వాయించే రచన. దీన్ని రాయడం 1948 మార్చిలోనే అయిపోయింది. తొలి ప్రదర్శన మాత్రం 1955 అక్టోబర్ 29న, లెనిన్‌గ్రాడ్‌లో. అన్నాళ్లూ దాన్ని పక్కన పెట్టేయడానికి కారణం భయం. ఊరికే పుట్టిన భయం కాదు.

ఆయన ఇంకా రాస్తుండగానే, 1948 ఫిబ్రవరిలో, సోవియట్ కమ్యూనిస్టు పార్టీ ఒక తీర్మానం చేసింది. పార్టీ నాయకుడు జ్దానోవ్ నడిపిన ఆ వ్యవహారంలో షోస్తకోవిచ్, ప్రొకోఫియెవ్ లాంటి వాళ్ల మీద 'ఫార్మలిస్టులు' అని ముద్ర వేశారు. జనానికి అందని సంగీతం రాస్తున్నారన్నది ఆరోపణ. షోస్తకోవిచ్‌కి కన్సర్వేటరీ (సంగీత కళాశాల) ఉద్యోగాలు పోయాయి. పొట్ట గడవడానికి సినిమాలకు సంగీతం కట్టారు. అలాంటి టైంలో ఇంత చీకటి నిండిన కన్చెర్టోను బయటపెట్టడమంటే కోరి తలమీదకు ముప్పు తెచ్చుకోవడమే. 1953లో స్టాలిన్ పోయాక కూడా ఇంకో రెండేళ్లు పట్టింది.

వినాలనుకుంటే మూడో భాగం పసకాలియాతో మొదలుపెట్టండి (నా లెక్కలో ప్రాణమంతా అక్కడే ఉంది). కింద తంత్రీవాద్యాల్లో ఒకే బరువైన వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది, దాని మీద వయొలిన్ పాడుతుంది. తర్వాత ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోతుంది. వయొలిన్ ఒక్కటే చాలాసేపు మోగుతుంది. మొదట రాసినప్పుడైతే, ఆ వెంటనే గుక్క తిప్పుకోకుండా వయొలినే చివరి భాగంలోకి దూకేయాల్సి ఉండేది. తొలిసారి వాయించిన డేవిడ్ ఓయిస్త్రాఖ్‌కే అది కష్టమనిపించి, కనీసం నుదుటి చెమట తుడుచుకునే వ్యవధి ఇమ్మని అడిగారట. షోస్తకోవిచ్ సరేనని చివరి భాగం ఎత్తుగడను ఆర్కెస్ట్రాకి మార్చేశారు.