ఇన్సులిన్ సూట్‌కేసులో వద్దు, చేతి బ్యాగులోనే

ప్రశ్న: మాది నల్లగొండ. వయసు 63. టీచర్‌గా రిటైరయ్యాను. 14 ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. పొద్దున గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, బీపీకి ఇంకోటి వేసుకుంటాను. రాత్రి 10 గంటలకు గ్లార్జిన్ ఇన్సులిన్ తీసుకుంటాను. మే నెలలో మా అబ్బాయి నన్నూ, మా ఆవిడనూ గ్రూప్ టూర్‌లో పది రోజులు పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ పంపిస్తున్నాడు. దుబాయ్‌లో విమానం మారాలి. ఇన్సులిన్‌ను విమానంలోకి రానిస్తారా? ఫ్రిజ్ లేకపోతే పాడవదా? ఆ పది రోజులు ఇన్సులిన్ ఆపేసి మాత్రలతో సరిపెట్టుకోమని పక్కింటాయన అంటున్నారు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొస్తోంది. మంచుకొండ మీదికి తీసుకెళ్తారట. బీపీ ఉన్నా వెళ్లొచ్చా?

జవాబు: ముందు ఒక్క మాట. పక్కింటాయన చెప్పినట్టు మాత్రం చేయకండి. 14 ఏళ్ల షుగర్‌కు ఇన్సులిన్ ఆపేస్తే నాలుగు రోజుల్లోనే దాహం, నీరసం మొదలవుతాయి. పరాయి దేశంలో ఆసుపత్రి పాలైతే ఆ బిల్లు సంగతి వేరే చెప్పాలా?

అయితే టూర్‌లో మీలాంటి వాళ్లకు నేను భయపడేది షుగర్ పెరగడం గురించి కాదు, పడిపోవడం గురించి. ఇంట్లో ఎనిమిదింటికి టిఫిన్, ఒంటిగంటకు అన్నం. టూర్‌లో అలా కాదు. పొద్దున ఏడింటికే హోటల్లో రెండు బ్రెడ్డు ముక్కలు తిని బస్సెక్కిస్తారు. మధ్యాహ్నం 'ఇండియన్ లంచ్' అన్నది మూడింటికి దొరికినా దొరికినట్టే. ఈలోపు మీరు రోజూ నడిచేదానికి రెండింతలు నడుస్తారు. గ్లిమెపిరైడ్‌కు మీరు తిన్నారా లేదా అన్నది పట్టదు. కడుపులో పడిందంటే ఇన్సులిన్‌ను ఊరిస్తూనే ఉంటుంది. కాబట్టి టిఫిన్ ప్లేటు ముందుకొచ్చాకే మాత్ర వేసుకోండి. గదిలో వేసుకుని కిందికి దిగే అలవాటు ఉంటే ఆ పది రోజులు మానుకోండి. బాగా నడిచే రోజుల్లో డోసు తగ్గించాలా అన్నది మీ రిపోర్టులు చూసి మీ డాక్టరే చెప్పాలి, అడగండి.

చెమటలు, చేతులు వణకడం, గుండె దడ, ఉన్నట్టుండి చిరాకు, మాట తడబడడం కనిపిస్తే షుగర్ పడిపోతోందని అనుకోండి. టెస్ట్ చేసుకునే తీరిక లేకపోతే ముందు మూడు నాలుగు చెంచాల గ్లూకోజు పొడి నోట్లో వేసుకోండి. 15 నిమిషాల తర్వాత చూసుకుని, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తీసుకోండి. ఆ తర్వాత ఏదైనా తినండి. గ్లూకోజు ప్యాకెట్ మీ జేబులో ఒకటి, మీ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఒకటి ఉండాలి. పక్క సీట్లో వాళ్లకు మీకు షుగరుందని మొదటి రోజే చెప్పండి, దాచుకోకండి. స్పృహ లేని స్థితిలో ఉన్న మనిషి నోట్లో మాత్రం ఎవరూ ఏదీ పోయకూడదు. 112కు ఫోన్ చేయాలి. మీరు వెళ్లే మూడు దేశాల్లోనూ అది పనిచేస్తుంది.

ఇక ఇన్సులిన్. చెక్‌ఇన్ సూట్‌కేసులో అస్సలు పెట్టకండి. విమానం అడుగున చలికి గడ్డకట్టొచ్చు, పెట్టె రెండు రోజులు ఆలస్యంగానూ రావచ్చు. ఇన్సులిన్ పెన్ను, సూదులు, గ్లూకోమీటరు, డాక్టరు చీటీ అన్నీ చేతి బ్యాగులో పెట్టండి. సెక్యూరిటీ దగ్గర చీటీ చూపించి చెప్తే పంపిస్తారు. చీటీలో మందుల అసలు పేర్లు రాయించండి, మన బ్రాండ్ పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. మందులు వారానికి సరిపడా అదనంగా తీసుకుని సగం మీ దగ్గర, సగం మీ ఆవిడ దగ్గర ఉంచండి.

ఫ్రిజ్ గురించి టెన్షన్ వద్దు. వాడుతున్న గ్లార్జిన్ పెన్ను 30 డిగ్రీలు దాటని చోట 28 రోజులు బాగుంటుంది. మే నెలలో నల్లగొండ ఎండకన్నా అక్కడి వాతావరణమే దానికి మంచిది. అదనపు పెన్నును చిన్న కూలింగ్ పౌచ్‌లో పెట్టుకోండి. నా పేషెంట్ ఒకాయన జాగ్రత్త ఎక్కువై హోటల్ ఫ్రిజ్‌లో ఐసు గడ్డ పక్కన పెట్టాడు. పొద్దున చూస్తే రెండు పెన్నులూ గడ్డకట్టాయి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. మంచుకొండ మీద కూడా పెన్నును పైకోటు జేబులో కాకుండా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేలా పెట్టుకోండి.

టైమ్ విషయంలో మీ అదృష్టం బాగుంది. మే నెలలో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటాయి. మనకు రాత్రి 10 అంటే అక్కడ సాయంత్రం ఆరున్నర. చేతికి ఒక పాత వాచీ నల్లగొండ టైముతోనే ఉంచి, అందులో పది కాగానే ఇన్సులిన్ తీసుకోండి. లెక్కలు మార్చే పనే ఉండదు. పొద్దున మాత్రలు మాత్రం అక్కడి టిఫిన్‌తో.

బస్సులో వెళ్లేటప్పుడు నీళ్లు తాగడం మానేస్తారు మనవాళ్లు. అక్కడ చాలాచోట్ల టాయిలెట్‌కు యూరో నాణేలు కట్టాలి కదా, అందుకు. నాణేలు చిల్లరగా ఉంచుకోండి కానీ నీళ్లు మానకండి. విమానంలో గంటకోసారి లేచి నడవండి. కూర్చున్నప్పుడు మడమలు పైకీ కిందికీ ఆడించండి.

మంచుకొండ అంటే స్విట్జర్లాండ్‌లోని టిట్లిస్ అయి ఉంటుంది. కేబుల్ కారు దింపే పైస్టేషన్ ఎత్తు 3,020 మీటర్లు, అక్కడ మన ఒంటికి అందే ఆక్సిజన్ దాదాపు 30 శాతం తగ్గుతుంది. బీపీ అదుపులో ఉండి, నడిస్తే ఛాతీలో నొప్పి రాని వాళ్లు వెళ్లొచ్చు. మెల్లగా నడవండి, ఆయాసం వస్తే ఫొటోల కోసం ఆగకుండా దిగిపోండి. ముందే ఈసీజీ, కిడ్నీల కోసం క్రియాటినిన్, మూడు నెలల షుగర్ టెస్టు చేయించండి. ఈ మూడు దేశాలకూ చెల్లే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ అడుగుతారు. ఆ ఫారంలో షుగర్, బీపీ ఉన్నాయని నిజమే రాయండి. దాచిపెడితే క్లెయిమ్ ఇవ్వరు.

కొత్త బూట్లు ఇప్పుడే కొని, పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద రోజూ గంటసేపు వాటితోనే నడవండి. షుగర్ ఉన్న కాలికి బొబ్బ లేస్తే తొందరగా మానదు. రోజూ రాత్రి పాదాలు చూసుకోండి.

తిండి సర్దేటప్పుడు సకినాలు, పల్లీలు, అటుకుల చుడువా పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దు, బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. గసగసాలు ఒక్క గింజ కూడా వద్దు, గరం మసాలా పొడిలో ఉన్నా సరే. దుబాయ్‌లో అవి నిషేధం.

మీ ఆవిడ మాత్రల గురించే నాకు ఎక్కువ బెంగ. మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం ఆవిడది. మోకాళ్లతోపాటు నడుము కూడా పట్టేస్తోందా చూడండి, ఎక్స్‌రే అవసరం కావొచ్చు. మెడికల్ షాపులో కట్టిచ్చే నొప్పి మాత్రల్లో ఒక్కోసారి ట్రమడాల్ అనే మత్తు తరహా మందు ఉంటుంది. దుబాయ్‌లో అది నియంత్రణలో ఉన్న మందు, అనుమతి లేకుండా దొరికితే కేసవుతుంది. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ కావాలని టికెట్‌తోనే అడగండి, నామోషీ ఏమీ లేదు. ఆ మాత్రల పొట్లం తీసుకుని ఈ వారంలోనే ఆవిడను ఎముకల డాక్టర్‌కు చూపించండి.