దేవునికి అన్నీ తెలిసినప్పుడు ప్రార్థన ఎందుకు?

వందనాలు సిస్టర్. దేవునికి ముందే అన్నీ తెలుసు కదా, మళ్లీ అడగడం దేనికి అన్నారు. ఒకే విషయం కోసం చాలాకాలంగా ప్రార్థిస్తున్నా జవాబు లేదని, ఇప్పుడు మోకరిస్తే మాటలే రావట్లేదని కూడా రాశారు.

మీ మొదటి ప్రశ్న మత్తయి 6వ అధ్యాయంలోనే ఉంది. మీరు అడగకముందే మీకేం కావాలో మీ తండ్రికి తెలుసని యేసుప్రభువు చెప్తారు. ఆ వెంటనే, 9వ వచనంలో, 'కాబట్టి మీరీలాగు ప్రార్థనచేయుడి' అని పరలోక ప్రార్థన నేర్పిస్తారు. ఆ 'కాబట్టి' చూడండి. మన సంగతంతా తెలిసిన తండ్రి గనుకే ధైర్యంగా దగ్గరికి రమ్మంటున్నారు. పిల్లాడికి ఆకలేస్తుందని తల్లికి తెలిసినా, వాడు 'అమ్మా' అని వచ్చి ఒళ్లో కూర్చుంటే ఆమెకు అదే ఆనందం కదా.

జవాబు రాని ప్రార్థన సంగతి మా ఇంట్లో చూశాను. నాన్నకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మంచినీళ్లు కావాలన్నా ఎడమచేత్తో సైగ చేయాల్సిందే. శుక్రవారం ఉపవాస కూటంలో సంఘమంతా ఆయన కోసం ప్రార్థించేవారు. ఆయన లేచి నడవాలి, మాట్లాడాలి అని అడిగాం. అది జరగలేదు.

రోజూ రాత్రి అన్నాలయ్యాక ఆయన మంచం చుట్టూ కూర్చుని కుటుంబ ప్రార్థన చేసేవాళ్లం. ఒకరోజు అమ్మ 'పరలోకమందున్న మా తండ్రీ' అని మొదలుపెడితే నాన్న గొంతు కలిసింది. ముందు పెదాలు కదిలాయి. 'మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము' దగ్గరికి వచ్చేసరికి మాట స్పష్టంగా వినబడింది. అమ్మ ఏడుస్తూ ఆగిపోయింది, ఆయన మాత్రం ఆగకుండా ఆమేన్ దాకా చెప్పారు. తర్వాత ఏదో అడగబోతే మళ్లీ మాట రాలేదు. ఇలాంటి స్ట్రోక్‌లో మామూలు మాట పోయినా, చిన్నప్పట్నుంచి నోటికొచ్చిన ప్రార్థనలు, పాటలు కొందరిలో నిలుస్తాయని డాక్టరుగారు చెప్పారు. అందుకే దీన్ని నేను స్వస్థత సాక్ష్యంగా చెప్పను. కానీ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆయన తెల్లారుజామున చేసుకున్న ప్రార్థన ఎంత లోతుకు దిగిందో ఆ రాత్రి మాకు తెలిసింది. చివరిదాకా ఆయన మాతో కలిసి చెప్పుకున్న మాటలు అవే.

'విశ్వాసం చాల్లేదేమో' అని మీతో ఎవరైనా అంటే దయచేసి మనసులో పెట్టుకోకండి. ఆ మాట బాధలో ఉన్నవాళ్లను ఇంకా కుంగదీస్తుంది. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను బాధపెట్టే ఒక బలహీనత, తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, 'నా కృప నీకు చాలును' అన్న మాట వచ్చింది. సిలువకు ముందు గెత్సేమనే తోటలో ప్రభువు కూడా ఆ శ్రమ తొలగించమని ఒకే ప్రార్థన మూడుసార్లు చేశారు. వాళ్లకు విశ్వాసం తక్కువా?

మాది ఒంగోలు వైపు కాబట్టి ఇది కూడా చెప్తాను. నెల్లూరులో సేవ చేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు లైమన్ జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు 1854 జనవరి 1న ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి సువార్త చెప్పే ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడిగా మిషనరీ జాన్ క్లౌ గారు వచ్చి ఒంగోలులో స్థిరపడింది 1866లో. 1878 జూలై 3న, కరువు కాలంలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఈ అంకె గురించే చెప్తారు. నాకైతే మధ్యలోని ఆ పన్నెండేళ్లే గుర్తొస్తాయి. కొండ దిగి వెళ్లాక వాళ్లకు ఏమీ కనబడలేదు, అయినా పని వదల్లేదు.

ఇక మాటలు రావట్లేదన్నది. టెన్షన్ పడకండి. రోమా 8:26 చదవండి, ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు పరిశుద్ధాత్మే మన పక్షాన మూలుగులతో విజ్ఞాపన చేస్తాడని ఉంది. గంటసేపు మోకరించాలని పెట్టుకోవద్దు. మీకు నమ్మకమైన ఒక అక్కను కలుపుకోండి, మీరు చెప్పలేని రోజు ఆమె చెప్తుంది, మీరు ఆమేన్ అంటే చాలు. ఒంటరిగా ఉన్నప్పుడు కీర్తనలు పైకి చదవండి. 13వ కీర్తనతో మొదలుపెట్టండి. 'ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు' అని దావీదు నేరుగా దేవుణ్ణే అడుగుతాడు. మీ మనసులో ఉన్నది కూడా అదే కదా. ఆరే వచనాలు, రెండు నిమిషాలు కూడా పట్టదు.