అత్తగారి దగ్గర దాచకండి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ అత్తగారి అంగిలి మీద పుండు క్యాన్సరని తేలిందనీ, అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రిలో రేడియేషన్ మొదలుపెడతారనీ రాశావు. ఆవిడకి మాత్రం ‘నోటి పుండుకి కరెంటు పెడుతున్నారు’ అని చెప్పి ఊరుకోమన్నారట మీ బావగారు.

క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి ఉన్నమాట చెబుతాను. ఆ గుట్టు నిలవదు. బయట బెంచీ మీద పక్కన కూర్చున్నావిడే ‘నీకెక్కడొచ్చిందమ్మా క్యాన్సరు?’ అని అడిగేస్తుంది. ఆ తర్వాత మీరు దాచామనుకుంటారు, ఆవిడ తెలియనట్టు నటిస్తుంది. భయమేస్తే చెప్పుకోడానికి ఇంటినిండా జనమున్నా ఒక్కరూ ఉండరు.

అలాగని నువ్వొక్కదానివే వెళ్ళి చెప్పేయకు. కోడలు చెప్పిన మాట రేపు ఏ వంకర తిరుగుతుందో నీకు తెలియంది కాదు. ముందు అల్లుణ్ణీ, వాళ్ళన్నయ్యనీ కూర్చోబెట్టి మాట్లాడు. తల్లి బెంగపెట్టుకుంటుందనే కదా వాళ్ళ భయం, అందులో తప్పేం లేదు. తర్వాత డాక్టరుగారి ముందే ఆవిణ్ణి అడగండి: ‘ఈ పుండు ఏమిటనుకుంటున్నావమ్మా? అన్నీ నీకే చెప్పమంటావా, అబ్బాయితో మాట్లాడమంటావా?’ ఎంతవరకు చెప్పాలో ఆవిడ జవాబులోనే దొరుకుతుంది. అడిగాక నోరుమూసుకుని ఆగాలి, అదే కష్టం. ‘నీకేం కాదు’ అని మాత్రం ఎవరూ అనొద్దు. ఆ మాటతో ఆవిడ అడగబోయేది గొంతులోనే ఆగిపోతుంది. ‘నాకూ తెలీదత్తయ్యా, రేపు డాక్టర్ని అడుగుదాం’ అను, చాలు.

చూడ్డానికొచ్చినవాళ్ళు ‘అడ్డపొగ మానమంటే విన్నావా?’ అంటారు. వాళ్ళని వీధి గుమ్మంలోనే ఆపు. అడ్డపొగ, అంటే చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం, మన శ్రీకాకుళం, విశాఖ తీరాన ఆడవాళ్ళకి తరాలనాటి అలవాటు. ఆ పొగాకుకీ, సెగకీ అంగిలి దెబ్బతింటుంది, నిజమే. చుట్ట ఇప్పుడైనా మానాల్సిందే, వైద్యం బాగా పనిచేయాలంటే తప్పదు. కానీ తిట్టి మాన్పించలేరు.

రేడియేషన్ మామూలుగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు సాగుతుంది. మొదలుపెట్టకముందే పళ్ళ డాక్టరుకి చూపించండి. రెండోవారం దాటేసరికి నోరు పూస్తుంది, ఉమ్మి చిక్కబడుతుంది, మాట్లాడాలంటే మంట. పావు లీటరు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించమను. అప్పుడు ‘ఏం కావాలి?’ అని అడగకు, ‘మజ్జిగ ఇవ్వనా?’ అని అడుగు, తలూపితే సరిపోతుంది. చదువు రాదన్నావు కాబట్టి పలక మీద గ్లాసు, మంచం, మాత్ర బొమ్మలు గీసిపెట్టు, వేలితో చూపిస్తుంది. ముక్కులో గొట్టం వేస్తే, పాలు పోశాక అరగంటైనా పడుకోనివ్వకు. ఏ మాత్రనీ అడక్కుండా నూరి అందులో పోయకు.

నొప్పిని ఓర్చుకోమనకండి. మార్ఫిన్ రాస్తే ‘మత్తుమందు, అలవాటైపోద్ది’ అని మీ ఆడపడుచు కచ్చితంగా అంటుంది. డాక్టరు చెప్పిన లెక్కన నొప్పికి వేసుకుంటే ఆ బెంగ అక్కర్లేదు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా గంట ప్రకారం ఇవ్వాలి, ఎక్కువగా 4 గంటలకోసారి రాస్తారు. విరేచనం బిగిసిపోతుంది, దానికీ మందు మొదటిరోజు నుంచే అడిగి తెచ్చుకోండి. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక ఆసుపత్రులకి మార్ఫిన్ తెప్పించుకోవడం తేలికైంది, ‘దొరకదు’ అని ఎవరైనా అంటే నొప్పి విభాగం ఎక్కడుందో అడగండి. కీమో కూడా ఇస్తుంటే, జ్వరం 100.4 తాకిన వెంటనే బయల్దేరండి, తెల్లారనీ అనుకోకండి.

ఎప్పుడైనా తన గాజులు ఎవరికివ్వాలో చెప్పబోతే ‘ఇప్పుడెందుకా మాటలు’ అనకు. కూర్చుని విను, అల్లుణ్ణీ పిలు.

ఆదివారం నేనొస్తాను. ఆ పూట ఆవిణ్ణి నేను చూసుకుంటాను, నువ్వు తలుపేసుకుని పడుకో.

మీ పెద్దమ్మ