క్యాంపు అయిపోయాక సంగతి చెప్పు, బుజ్జీ

చి. బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మావయ్యకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే లేచి వీధి చివరిదాకా నడుస్తున్నారు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఈ వేసవి సెలవుల్లో మన మార్కాపురం, కనిగిరి వైపు నుంచీ నల్గొండ నుంచీ నలభై మంది గవర్నమెంట్ జూనియర్ కాలేజీ పిల్లల్ని మీ యూనివర్సిటీకి పిలిపించి, వారం రోజులు సైన్స్ క్యాంపు పెడుతున్నావట కదా. చెబుతుంటే వాడి గొంతు వణికింది. నాకూ కళ్లు చెమర్చాయి. వరండాలో కూర్చుని నా హెర్బేరియం షీట్ల మీద ఎండబెట్టిన ఆకులు అంటించిన పిల్లవి, ఇవాళ నలభై మందికి ల్యాబు తలుపు తీస్తున్నావు.

కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. రెండింటికి లేచి మంచినీళ్లు తాగి, ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. ఫోన్లో అయితే పక్కన ఇంకో పని చేసుకుంటూ "సరే అత్తయ్యా, సరే అత్తయ్యా" అంటావు. కాగితం మీద ఉంటే మళ్లీ తీసి చదువుతావు.

ముందు ప్రయాణం సంగతి. రాత్రి బస్సు పెట్టకు. డబ్బులు మిగులుతాయనీ, ఒక పూట కలిసొస్తుందనీ ఎవరు చెప్పినా వినకు. తెల్లారి బయల్దేరి చీకటి పడేలోపు హాస్టల్లో దిగేలా చూడు. ఆడపిల్లలతో కనీసం ఇద్దరు మేడమ్‌లు ఉండాలి, ఒక్కరు చాలరు. ఎక్కాక ఒకసారి, దారిలో టిఫిన్‌కి ఆగినప్పుడు ఒకసారి, దిగాక ఒకసారి లెక్క చూడమను. నాకు ఈ విషయంలో భయం ఎక్కువని నువ్వు అంటావు. ఎక్కువే. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్లిన ప్రతిసారీ వాళ్లు తిరిగి వాళ్ల ఇంటి గడప ఎక్కేదాకా నాకు అన్నం సయించేది కాదు.

తిండి కడుపునిండా పెట్టు. రాత్రిపూట పెరుగన్నం ఉండాలి. బాత్‌రూముల గొళ్లాలు నువ్వే స్వయంగా వేసి చూసుకో. శానిటరీ ప్యాడ్లు అడగాల్సిన అవసరం లేకుండా గదిలోనే పెట్టించు. వీటి గురించి ఇంకేమీ రాయను, నీకు తెలుసు.

ఇంగ్లీషు సంగతి మాత్రం కాస్త రాయాలి. మొదటి రోజు మీ ప్రొఫెసర్లు ఇంగ్లీషులో అందుకున్నారంటే మన పిల్లలు నోరు కట్టేసుకుంటారు, ఏడో రోజుదాకా తెరవరు. వక్రీభవనం అంటే గబగబా బొమ్మ గీసి చూపించే పిల్ల, రిఫ్రాక్షన్ అంటే బిత్తరచూపులు చూస్తుంది. తెలియక కాదు, తనకి తెలిసినదాని పేరే అదని తెలియక. ఇప్పుడు పుస్తకాలు ఇంగ్లీషులోకి మారినా వాళ్ల ఆలోచన తెలుగులోనే నడుస్తుంది. రెండు భాషల్లో మాటలు పక్కపక్కన రాసి చిన్న కార్డులు చేయించు. ఏ ప్రయోగానికి కావాల్సినవి ఆ ప్రయోగం బల్ల మీదే ఉంచు. అన్నిటికన్నా ముందు, నువ్వు లేచి తెలుగులో మాట్లాడు. యూనివర్సిటీలో పాఠం చెప్పే మనిషి తమలాగే మాట్లాడుతుందని తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. అన్ని మందులు కనిపెట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారికి గట్టెక్కాడని కూడా చెప్పు. మార్కుల భయంతో చచ్చేపిల్లలకి ఆ ఒక్క మాట చాలా బలం.

ఉపన్యాసాలు తగ్గించు. రోజుకి ఒకటి చాలు. మిగతా పొద్దంతా వాళ్ల చేతుల్లో ఏదో ఒకటి ఉండాలి. నాకు తోచింది చెబుతాను, నచ్చితే చెయ్యి. ఒక్కొక్కరినీ వాళ్ల ఇంటి బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకుని రమ్మను. సీసా మీద ఊరి పేరు వద్దు, నంబరు రాయించు. మన కనిగిరి వైపు, అటు నల్గొండ వైపు భూమిలో ఫ్లోరైడ్ సంగతి నీకు చెప్పాలా? లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. నువ్వు కెమిస్ట్రీదానివి, జిర్కోనియం అలిజరిన్ రంగు పరీక్ష నీకు చిటికెలో పని. ఫ్లోరైడ్ ఉన్నకొద్దీ ఆ ఎరుపు విరిగి పసుపులోకి మారుతుంటే వాళ్ల ముఖాలు చూడు. ఆ తర్వాత పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించడం చేయించు. నాగపూర్‌లో 'నీరి' అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన ఆ పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. తమ ఊరి పేరు సైన్సు పుస్తకాల్లో ఉందని నల్గొండ పిల్లలకి అక్కడే తెలియాలి.

ఒక్క జాగ్రత్త. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద గారలున్న పిల్లలు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. నా క్లాసులో వరసకి ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు. ఎవరి సీసాలో ఎంత వచ్చిందో అందరిముందూ చదవకు. ఎవరిది వాళ్లకి విడిగా చెప్పు. రక్షిత నీళ్లు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పి పంపు, భయపెట్టి పంపకు.

ఇప్పుడు అసలు సంగతి. నిద్ర పట్టనిది దీనికే.

2010లో కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఇన్‌స్పైర్ అనే సైన్స్ క్యాంపుకి మా కాలేజీ నుంచి ముగ్గురు పిల్లల్ని తీసుకెళ్లాను. ఫస్టియర్ బైపీసీ. ఐదు రోజుల క్యాంపు. ముగ్గురిలో ఒక పిల్ల తండ్రి పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. మా కాలేజీలో మైక్రోస్కోపులు రెండే, అవీ బీరువాలోనే ఉండేవి. పిల్లలు వంగి చూడటమే గానీ తిప్పింది లేదు. అక్కడ మూడో రోజు ఒక్కొక్కరికీ ఒక్కో మైక్రోస్కోపు ఇచ్చారు. ఈ పిల్ల ఉల్లిపాయ రేకుని విరిచి, లోపలి పొర గోటితో లాగి, నీటిచుక్కలో పరిచి, సఫ్రనిన్ రంగు వేసి, కవర్‌స్లిప్పుని సూదిమొనతో ఒక పక్క నుంచి మెల్లగా దించింది. ఒక్క గాలిబుడగ లేదు. అక్కడి ప్రొఫెసర్ వచ్చి చూసి, మిగతా అందరినీ పిలిచి ఆ స్లైడే చూపించారు. ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని నన్ను అడిగింది: "మేడమ్, ఇలా రోజూ చూస్తూ ఉండే ఉద్యోగం ఉంటుందా?"

ఉంటుందని చెప్పాను. నేను చూసుకుంటానని మాట ఇచ్చాను.

సెకండియర్లో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కి నేనే అప్లై చేయించాను. పుస్తకాలు ఇచ్చాను, ఫీజు కట్టాను. ఫారంలో చిరునామా దగ్గర మా కాలేజీ అడ్రసు రాశాను. ఫోన్ నంబరు నాది. పల్లెకి ఉత్తరాలు సరిగా పోవని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పనా బుజ్జీ, వాళ్లింట్లో వచ్చినా ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాను. తండ్రితో ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడలేదు. ఆ పిల్లకి చెప్పాను కదా, చాలనుకున్నాను.

2012 మే నెలలో మీ వదిన పురిటికని బెంగళూరు వెళ్లాను. రోమింగ్ చార్జీలని అక్కడ వేరే సిమ్ వేయించుకున్నాను. సెలవు పొడిగించి జూన్ 14న కాలేజీకి వెళితే, అటెండరు బీరువాలోంచి కవరు తీసి జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు. "మీ పేరుమీద వచ్చింది మేడమ్, ఎక్కడా పోకుండా దాచాను" అన్నాడు. దాని మీద మా పోస్టాఫీసు ముద్ర మే 28. ఆ పిల్లకి సీటు వచ్చింది. కౌన్సెలింగ్‌కి రావాల్సింది జూన్ 9. నిలబడే చదివాను. మళ్లీ చదివాను. ఫోన్ చేస్తే తేదీ దాటింది, సీటు తర్వాతి వాళ్లకి వెళ్లిపోయిందన్నారు.

ఆ సాయంత్రం వాళ్ల ఊరు వెళ్లాను. తండ్రి అప్పుడే పని నుంచి వచ్చాడు. కనురెప్పల మీద కూడా బూడిదరంగు పలక పొడి. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, సోడా తెప్పించి, నేను చెప్పిందంతా విన్నాడు. కోపం లేదు. ఒక్కటే అన్నాడు: "ఈ ముక్క ముందు నాతో చెప్పుంటే, రోజూ కాలేజీ గేటు దగ్గరికొచ్చి అడిగేవాణ్ణి కదమ్మా."

ఫీజులు కట్టలేనని భయపడ్డాడేమోనని అడిగాను. డిగ్రీలో సైన్సు చదివే పిల్లలకి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 ఉందని, ఈ పిల్ల మార్కులకి అది వచ్చే అవకాశముందని అప్పుడు చెప్పాను. ఆయన కూతురి వంక చూశాడు. అది తల దించుకుని "ఫర్లేదు మేడమ్" అంది. అంతే. బస్సు దొరక్క ఆటోలో తిరిగొచ్చాను. దారంతా నా చేతిలో ఆ కవరే.

అందుకే చెబుతున్నాను. నీ క్యాంపు ఏడు రోజులని నువ్వు అనుకుంటున్నావు. కాదు తల్లీ. ఈ పిల్లలు ఏదో ఒక కాలేజీలో సీటు తీసుకుని, హాస్టల్ గదిలో పెట్టె దించేదాకా నీ క్యాంపు అవలేదు. ఫస్టియర్ పిల్లలంటే ఏడాది పైమాటే. ఆ ఓపిక లేకపోతే నలభై మందిని పిలవకు, పదిమందిని పిలువు. ఈ మాటకి నొచ్చుకుంటావేమో. నొచ్చుకో, పర్వాలేదు.

ప్రతి పిల్లతోనూ అమ్మనో నాన్ననో ఒకరిని రమ్మను. కూలి పోతుందని వెనకాడతారు. చార్జీలు నువ్వు పెట్టుకో. ఇస్రో వాళ్లు తొమ్మిదో తరగతి పిల్లలకి శ్రీహరికోట లాంటి చోట్ల పెట్టే యువిక అనే క్యాంపులో, పిల్లతో పాటు తోడొచ్చే పెద్దకి కూడా చార్జీలు ఇస్తారు. మీ పైవాళ్లకి అదే చూపించి అడుగు. వచ్చిన పెద్దవాళ్లని గేటు దగ్గర్నుంచే పంపేయకు. హాస్టల్ చూపించు, ల్యాబు చూపించు, టీ ఇచ్చి కూర్చోబెట్టి డబ్బు లెక్క తెలుగులో చెప్పు. ఎంత కట్టాలి, ఎంత తిరిగొస్తుంది, ఎన్నేళ్లు, చివరికి ఏ ఉద్యోగం. మన దగ్గర ఎంపీసీ అంటే ఇంజనీరు, బైపీసీ అంటే డాక్టరు, మూడోది లేదు. సైన్సు చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన ఐసర్ అనే సంస్థల పేరు వాళ్లు విని ఉండరు. తిరుపతిలో 2015 నుంచీ ఒకటి నడుస్తోందని, దానికి ఐఏటీ అనే పరీక్ష ఉందని, అలాంటిదే భువనేశ్వర్ నైసర్‌కి నెస్ట్ అనే పరీక్ష రాయాలని, సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ అని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి ఇవ్వు. గోడకి అంటించుకుంటారు.

ఏ ఫారంలోనూ నీ నంబరు రాయకు. ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో వాళ్లది ఒకటి, మేనమామదో పక్కింటివాళ్లదో ఇంకొకటి. పాస్‌వర్డ్ పిల్ల నోట్‌బుక్కులో తన చేత్తోనే రాసుకోవాలి. నీకు అమెరికా ప్రయాణం పడొచ్చు, జ్వరం రావొచ్చు. నువ్వు లేకపోయినా ఆ కబురు ఆ ఇంటికి చేరాలి.

కుల, ఆదాయ సర్టిఫికెట్లు సీటు వచ్చాక చూసుకుందామనుకోవద్దు. క్యాంపు అయిన నెలలోనే ఏమేం కావాలో చెప్పు. పది మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడమను. ఒక్క ఇంటిపేరు తేడాకి ఎంత తిప్పుతారో నేను చూశాను.

ఆ పిల్ల గురించి అడుగుతావని తెలుసు. ఆ ఏడాది ఇంట్లోనే ఉండిపోయింది. తర్వాత ఒంగోలులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, ఇప్పుడు మన పక్క మండలం పీహెచ్‌సీలో పనిచేస్తోంది. పోయిన వానాకాలం మావయ్యకి చలిజ్వరం వస్తే, మలేరియా ఏమోనని రక్తపరీక్షకి అక్కడికే వెళ్లాం. నన్ను చూసి లేచి నిలబడింది. స్లైడు మీద ఆయిల్ చుక్క వేసి, కన్ను ఐపీస్‌కి ఆనించి, వేళ్లతో స్టేజిని ఒక్కో ఫీల్డు, అంటే కంటికి ఒకసారి కనిపించేంత మేర, జరుపుతూ కూర్చుంది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. ఏమైనా కనిపించిందా అని అడిగాను. "ఏమీ లేదు మేడమ్. కానీ వంద ఫీల్డులు చూశాకే లేదని రాయాలి" అంది. వందా చూసింది. అప్పుడు రాసింది.

ఇవాళ పొద్దున ఆమెకి ఫోన్ చేశాను. నీ క్యాంపు గురించి చెప్పి, ఒకరోజు వచ్చి పిల్లలకి ఉల్లిపొర స్లైడు చెయ్యడం చూపిస్తావా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, తేదీలు ముందే చెబితే సెలవు పెట్టుకుంటానంది. నంబరు మీ నాన్నకి ఇచ్చాను. నువ్వే ఫోన్ చేసి పిలువు. మేడమ్ అని పిలువు.

మావయ్య ఆశీస్సులు.

అత్తయ్య