హెడ్‌సెట్ మైక్‌లో బుస్సుమని రొద వస్తోంది, కొత్తది కొనాలా?

“నాకు అందరి మాటలూ చక్కగా వినిపిస్తున్నాయి, నేను మాట్లాడితే మాత్రం వెనకాల ఒకటే రొద అంటున్నారు, సౌండ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్లు, మార్చినా పోలేదు, కొత్త హెడ్‌సెట్ కొనేయమంటారా?” అని కదా మీ ప్రశ్న. ఇప్పుడే కొనకండి. అచ్చం ఇదే రొదతో నేను మూడు నెలలు వేగాను. ఆ మూడు నెలల్లో రెండు హెడ్‌సెట్లు మార్చాను, ఒకసారి విండోస్ మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కించాను. తీరా చూస్తే తప్పు హెడ్‌సెట్‌దీ కాదు, డ్రైవర్‌దీ కాదు.

మా మీటింగుల్లో ఒకాయన ఉండేవారు. నేను మైక్ ఆన్ చేయగానే “మీ దగ్గర వాన పడుతోందా?” అని అడిగేవారు. మొదట్లో నవ్వాను, తర్వాత తర్వాత మైక్ ఆన్ చేయాలంటేనే బెరుకు పట్టుకుంది. ఒకరోజు నేను మాట్లాడుతుండగా కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ, రౌటర్‌కి బ్యాకప్ ఉన్నాయి కాబట్టి కాల్ తెగలేదు. “ఏమండీ, వాన వెలిసిందే!” అన్నారాయన. పది నిమిషాలకి కరెంటు వచ్చింది, దానితోపాటే వానా వచ్చింది. అప్పటికి గానీ బుర్ర వెలగలేదు. ఛార్జర్ పిన్ను లాగితే రొద ఆగింది. పెడితే మొదలైంది. మూడు నెలలు డ్రైవర్ల వెంట పడ్డవాణ్ణి, పట్టుమని మూడు సెకన్లు కూడా పట్టని ఈ పరీక్ష చేయలేదు.

ఇలా ఎందుకవుతుందంటే, 3.5 మి.మీ. జాక్ ఉన్న హెడ్‌సెట్ మైక్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం, కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. చెవికి వెళ్ళే సిగ్నల్ దానికి ఎన్నో రెట్లు పెద్దది. అందుకే వినడం బాగానే ఉంటుంది, మాట మాత్రం పాడవుతుంది. ఛార్జర్ లోపలి సర్క్యూట్ కరెంటుని సెకనుకి పదుల వేల సార్లు ఆపి వదులుతుంటుంది. ఆ గోలలో కొంత గ్రౌండ్ (సర్క్యూట్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే తీగ) మీదుగా ల్యాప్‌టాప్‌లోకి పాకుతుంది. రెండు పిన్నుల ఛార్జర్ అయితే అది ఎర్త్‌లోకి పోయే దారి కూడా ఉండదు. ల్యాప్‌టాప్ మీది లోహపు భాగాన్ని చేత్తో ముట్టుకున్నప్పుడు రొద తగ్గడమో మారడమో జరిగితే కారణం ఇదేనన్నది దాదాపు ఖాయం. మూడు పిన్నుల ఛార్జర్‌ని సరైన ఎర్తింగ్ ఉన్న సాకెట్‌లో పెడితే చాలాసార్లు పోతుంది. అయితే బయటి మానిటర్ కూడా తగిలించి ఉంటే, రెండు ఎర్త్ దారుల మధ్య లూప్ ఏర్పడి గుయ్యిమనే మోత రావచ్చు. కాబట్టి పరీక్షించేటప్పుడు మానిటర్ కేబుల్ కూడా పీకేసి చూడండి.

ఛార్జర్ తీసేశాక నా వాన వెలిసింది గానీ, తుంపర మిగిలింది. సన్నటి బుస. దానికి కారణం నేనే. గొంతు చిన్నగా వినపడుతోందని ఎప్పుడో మైక్ సిగ్నల్‌ని పెంచే మైక్ బూస్ట్‌ని +30 డెసిబెల్స్‌కి పెట్టి మరిచిపోయాను. +20 అంటే సిగ్నల్‌ని 10 రెట్లు పెంచడం, +30 అంటే సుమారు 32 రెట్లు. అది మీ గొంతునే పెంచదు, ఆ దారిలో ఉన్న చెత్తనంతా పెంచుతుంది. విండోస్‌లో పాత సౌండ్ ప్యానెల్ తెరిచి, రికార్డింగ్ ట్యాబ్‌లో మీ మైక్ ప్రాపర్టీస్‌లోకి వెళ్తే లెవెల్స్ అనే చోట ఇది కనిపిస్తుంది. బూస్ట్‌ని 0కో 10కో దించి, ఆ లోటుని మైక్‌ని దగ్గరికి జరిపి పూడ్చుకోండి. దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అదీ రొద పెరగకుండా. మరీ నోటికి ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడల్లా ఊపిరి టప్పుమని తగులుతుంది. పెదవి మూలకి పక్కగా, రెండు వేళ్ళ దూరంలో ఉంచితే సరిపోతుంది.

ఇదంతా నా సంగతి. మీది ఇదే కావాలని లేదు. అందుకే ముందు మీ రొదని మీరే వినండి, అవతలివాళ్ళు చెప్పే వర్ణన మీద ఆధారపడకండి. ఆడాసిటీ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో, కాకపోతే విండోస్‌లోనే ఉన్న రికార్డర్‌లో ఇరవై సెకన్లు రికార్డు చేయండి. మొదటి పది సెకన్లు నోరు మెదపకండి, తర్వాత పది సెకన్లు మామూలుగా మాట్లాడండి. గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే ఆపండి, దాని గాలిని మైక్ రొద అనుకున్నవాళ్ళని చూశాను. రికార్డింగ్ శుభ్రంగా ఉండి కాల్‌లో మాత్రమే రొద వస్తుంటే తప్పు హార్డ్‌వేర్‌ది కాదు, ఆ యాప్ సెట్టింగుల్లోనో నెట్‌లోనో ఉంది. మైక్ లెవెల్‌ని దానంతట అదే పెంచే ఆప్షన్ ఉంటే తీసేయండి. మీరు ఆగినప్పుడల్లా అది గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్న కొలత) పెంచి గదిలోని గుసగుసలన్నీ పైకి లాగుతుంది.

రికార్డింగ్‌లో కూడా ఉంటే, అది ఏ రకం శబ్దమో చెవిపెట్టి వినండి. ఈ విషయంలో మన భాష మనకి బాగా పనికొస్తుంది, ఒక్కో శబ్దానికి ఒక్కో మాట ఉంది. “బుస్” అని ఎడతెగకుండా ఉంటే ముందు బూస్ట్, గెయిన్ చూడండి. “గుయ్” అని ఒకే శ్రుతిలో ఉంటే మెయిన్స్ కరెంటు చొరబడుతోంది. అది మీ ప్రాంతపు సరఫరాని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్, వాటి గుణిజాల దగ్గర పలుకుతుంది. మౌస్ కదిపినప్పుడో పేజీ కిందికి జరిపినప్పుడో కీచుకీచుమంటే కంప్యూటర్ లోపలి గోల మైక్ దారిలో కలుస్తోంది. డెస్క్‌టాప్ అయితే ఇది చాలా మామూలు. ముందున్న జాక్ నుంచి మదర్‌బోర్డు దాకా ఒక సన్న కేబుల్ క్యాబినెట్‌లో, ఒక్కోసారి గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచే పోతుంది. వెనక ఉన్న గులాబీ రంగు జాక్‌లో పెట్టి చూడండి. నా స్నేహితుడి సమస్య అంతటితో తీరిపోయింది, నాకు అసూయ కూడా వేసింది.

“కరకర” అని తల తిప్పినప్పుడే వస్తే వైరు తెగుతోంది. జాక్ మొదట్లో ఒకసారి, చెవి కప్పులోకి వైరు దూరే చోట ఒకసారి మెల్లగా వంచుతూ రికార్డు చేయండి. అలా కాకుండా జాక్ తిప్పినప్పుడు మాత్రమే వస్తే మురికి కావచ్చు. కంప్యూటర్ ఆపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో ప్లగ్‌ని తుడవండి.

ఒకే జాక్ ఉన్న హెడ్‌సెట్‌ని స్ప్లిటర్‌తో రెండు జాకుల్లో పెడుతున్నారా? అయితే స్ప్లిటర్ వైపు ఒకసారి చూడండి. ఒకే పాటని ఇద్దరు వినడానికి చేసిన స్ప్లిటర్ ఇక్కడ పనికిరాదు, పైకి రెండూ ఒకేలా ఉంటాయి. హెడ్‌సెట్ వైపు నాలుగు భాగాల ప్లగ్‌ని తీసుకుని మైక్‌నీ ఇయర్‌ఫోన్‌నీ విడదీసేదే కావాలి. అందులోనూ సీటీఐఏ, ఓఎంటీపీ అని రెండు పద్ధతులున్నాయి, మైక్, గ్రౌండ్ వాటిలో తారుమారుగా ఉంటాయి. ఈమధ్య వచ్చే హెడ్‌సెట్లు దాదాపు అన్నీ సీటీఐఏవే, చిక్కల్లా పాత స్ప్లిటర్లతోనే.

యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో శబ్దం అక్కడికక్కడే డిజిటల్‌గా మారిపోతుంది కాబట్టి పై గొడవల్లో చాలావరకు ఉండవు. అందులో “చిటపట” వస్తే హబ్ తీసి నేరుగా పోర్టులో పెట్టండి, మైక్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో శాంపిల్ రేటుని 44100, 48000 హెర్ట్జ్ మధ్య మార్చి చూడండి. వైర్‌లెస్ హెడ్‌సెట్‌తో వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క (డాంగిల్) అయితే యూఎస్‌బీ 3.0 పరికరాల పక్కన పెట్టకండి, అవి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల చేస్తాయి. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా తెస్తే చాలు. బ్లూటూత్‌లో మైక్ తెరవగానే నాణ్యత నూతిలోంచి మాట్లాడినట్టు పడిపోవడం మాత్రం రోగం కాదు, కాల్ కోసం అది శబ్దాన్ని పంపే వేరే పద్ధతికి (ప్రొఫైల్‌కి) మారుతుందంతే.

రొదని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేసే నాయిస్ సప్రెషన్ పెట్టేస్తే పోతుంది కదా అని ఎవరైనా చెప్తారు. పోతుంది, కానీ బుసతోపాటు స, శ, ష కూడా కొంచెం పోతాయి, ఎందుకంటే అవీ బుసలాంటివే. నేను “సరే” అంటే అవతల “రే” అని వినబడి ఒకాయన నొచ్చుకున్నంత పనయింది. మూలం దొరికాక, మిగిలిన కాస్తకి మాత్రం వాడుకోండి.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, చేసిన ప్రతిసారీ అదే ఇరవై సెకన్లు రికార్డు చేయండి. చివరగా ఆ హెడ్‌సెట్‌ని ఫోన్‌కో మరో కంప్యూటర్‌కో తగిలించి చూడండి. అక్కడ శుభ్రంగా ఉంటే మీ కంప్యూటర్ జాక్‌ని వదిలేసి ఒక చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ పెట్టుకోండి. నేను చేసింది అదే, పాత హెడ్‌సెట్‌తో, ఛార్జర్ పెట్టుకునే మాట్లాడుతున్నాను. అక్కడా అదే రొద వస్తే మాత్రం కొత్తది కొనండి, ఈసారి యూఎస్‌బీది.