టెక్ సందేహాలు: అర్ధరాత్రి షుగర్ పడిపోతే ఫోన్ లేపుతుందా?

ప్రశ్న: మా అమ్మ ఇన్సులిన్ వాడుతుంది. నిద్రలో షుగర్ పడిపోతోందని చేతికి సెన్సర్ పెట్టించాం. మొన్న తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి లేచింది. ఫోన్ పక్కనే ఉన్నా అలారం మోగలేదు. నేనుండేది వేరే ఊళ్లో. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు సెన్సర్ ఏ రకమో చూడండి. ఫ్రీస్టైల్ లిబ్రే మొదటి తరం సెన్సర్‌కు అలారం లేదు, స్కాన్ చేస్తేనే రీడింగ్ వస్తుంది. లిబ్రే 2 నుంచి బ్లూటూత్ ద్వారా అలారం మోగుతుంది.

అమ్మగారిది అలారం ఉన్నదే అయితే, అనుమానించాల్సింది ఫోన్‌నే. ఛార్జింగ్ ఆదా చేయడానికి ఆండ్రాయిడ్ ఫోన్లు తెర ఆరిపోయాక యాప్‌లను ఆపేస్తుంటాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేయండి. నోటిఫికేషన్లకు, 'డు నాట్ డిస్టర్బ్'లోనూ మోగడానికి అనుమతివ్వండి. బ్లూటూత్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి.

తర్వాత తప్పకుండా పరీక్షించండి. భోజనానికి ముందు హై అలారాన్ని (షుగర్ పెరిగితే మోగేది) 120కి దించి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, తెర ఆర్పేయండి. తిన్నాక షుగర్ ఆ అంకె దాటితే మోగాలి. మోగకపోతే రాత్రి ఆ ఫోన్‌ను నమ్మొద్దు. పరీక్ష అయ్యాక అలారాన్ని పాత అంకెకు మార్చండి.

'లో' అలారం (షుగర్ పడిపోతే మోగేది) మామూలుగా 70 దగ్గర ఉంటుంది. సెన్సర్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. అందుకే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. డాక్టర్‌ను అడిగి 80కి పెంచితే ముందే తెలుస్తుంది. సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిల్లి పడుకుంటే షుగర్ పడిపోకపోయినా పడిపోయినట్టు చూపిస్తుంది. అనుమానమొస్తే గ్లూకోమీటర్‌తో చూడాలి.

లిబ్రేలింక్‌అప్ యాప్ వేసుకుంటే ఆ అలారం మీ ఫోన్‌కూ వస్తుంది. అమ్మగారి ఫోన్‌లో ఇంటర్నెట్ మాత్రం ఉండాలి. మోగగానే ఫోన్ చేసి లేపండి. మంచం పక్కన గ్లూకోజ్ పొడి, నీళ్ల సీసా సిద్ధంగా ఉండాలి. 15 గ్రాములు, అంటే దాదాపు మూడు టీ స్పూన్లు కలుపుకొని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. ఆవిడ ఫోన్ ఎత్తకపోతే పక్కింటివాళ్లను పంపండి. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

షుగర్ పడిపోతుందన్న భయంతో పడుకునే ముందు అదనంగా తినేవాళ్లను చాలామందిని చూశాను. బాధేస్తుంది. మళ్లీ మళ్లీ పడిపోతుంటే ఆ గ్రాఫ్ డాక్టర్‌కు చూపించండి, ఇన్సులిన్ మోతాదు మార్చాల్సి రావచ్చు.